వర్గచక్రాలు: కొత్త జాతకాలు కావు, పాత లెక్కలే

అపోహ: రాశిచక్రంలో కనబడని రహస్యం రాశిని తొమ్మిది, పది, అరవై భాగాలు చేసి వేసే నవాంశ, దశాంశ, షష్ట్యంశ వర్గచక్రాల్లో దొరుకుతుంది.

వాస్తవం: చంద్రుడు ఒక్కడే. పదహారు వర్గచక్రాల్లోనూ లెక్కకు వచ్చేది ఆ ఒక్కడి స్ఫుటమే, అంటే అతడున్న డిగ్రీయే. 30 డిగ్రీల రాశిని తొమ్మిది చేస్తే ఒక్కో నవాంశ 3 డిగ్రీల 20 కళలు. చంద్రుడు వృషభంలో 17 డిగ్రీల దగ్గరుంటే అది ఆరో నవాంశ. వృషభానికి లెక్క మకరం నుంచి మొదలవుతుంది కనుక మిథునంలో పడతాడు. ఇందులో కొత్త సమాచారమేమీ చేరలేదు.

అపోహ: బెంగళూరులోని పీణ్యలో పుట్టిన బిడ్డకు పుట్టిన ఊరు ‘బెంగళూరు’ అని పెడితే చక్రాలు తప్పుతాయి.

వాస్తవం: రేఖాంశం వల్ల వచ్చే తేడా సుమారు 20 సెకన్లే. సొంతూరని విజయవాడ పెడితే మాత్రం 12 నిమిషాలు తేడా వస్తుంది. లగ్నం సుమారు నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ కదులుతుంది. నవాంశ లగ్నం దాదాపు 13 నిమిషాలకు, షష్ట్యంశ లగ్నం రెండు నిమిషాలకే మారిపోతుంది. ఆసుపత్రి చీటీలో 10:40 అని ఉంటే అది తొలి ఏడుపు వేళా, బొడ్డు కోసిన వేళా, నర్సమ్మ తీరిక చేసుకుని గడియారం చూసిన వేళా? షష్ట్యంశ నిలబడేదీ కూలేదీ ఇక్కడే.

అపోహ: నవాంశ పెళ్ళికే.

వాస్తవం: కళత్రానికి దాన్ని చూడమన్నది నిజమే. గ్రహబలానికీ చూస్తారు. రాశిలోనూ నవాంశలోనూ ఒకే రాశిలో ఉన్న గ్రహాన్ని వర్గోత్తమం అనేది అందుకే.

అపోహ: మంచి సాఫ్ట్‌వేర్ అయితే అందరికీ ఒకే చక్రం వస్తుంది.

వాస్తవం: బెంగళూరు నుంచి ‘ది ఆస్ట్రలాజికల్ మ్యాగజైన్’ నడిపిన బి.వి. రామన్ తనదైన అయనాంశ (రాశిచక్రం ఎక్కడ మొదలవుతుందో తేల్చే సవరణ) వాడారు. లాహిరి అయనాంశకూ దానికీ దాదాపు డిగ్రీన్నర తేడా. షష్ట్యంశ అర డిగ్రీయే కాబట్టి ఒక లెక్క నుంచి మరో లెక్కకు మారితే ప్రతి గ్రహమూ రెండు మూడు అంశలు జరుగుతుంది. ఇలాంటి చక్రం చూపించి కుదిరిన సంబంధం చెడగొట్టడం అన్యాయం. ఏ అయనాంశ, ఎవరు రాసిన సమయం అని పెద్దలు అడిగితీరాలి.

అపోహ: ఎంత సూక్ష్మంగా లెక్కగడితే ఫలితం అంత నిజం.

వాస్తవం: లెక్క సూక్ష్మత వేరు, ఫలితం నిజం కావడం వేరు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ బృందం పుణేలో 27 మంది జ్యోతిషులకు తలా 40 జాతకాలిచ్చి, చురుకైన పిల్లలెవరో, బుద్ధిమాంద్యం ఉన్నవారెవరో చెప్పమంది. సరిపోయినవి 46 శాతం. నాణెం ఎగరేసినా సగం సరిపోతాయి.