మీకు తెలుసా? ఫిట్స్ వచ్చే బిడ్డకు ఈసీజీ ఎందుకు

పసిబిడ్డకు జ్వరంలో ఫిట్స్ వచ్చిందంటే గోవాడైనా చోడవరమైనా ఇంట్లో జరిగేది ఒకటే. ఎవరో పరుగున వెళ్లి తాళాలగుత్తి తెచ్చి గుప్పిట్లో పెడతారు. ఇంకొకరు ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెడతారు. ఇనుముకూ ఫిట్స్‌కూ ఏ సంబంధమూ లేదు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి, పేరు మాత్రం తాళాలకు దక్కుతుంది. ఆ కాసేపూ అందరి చూపూ కొట్టుకుంటున్న కాళ్లూచేతుల మీద, తేలేసిన కళ్ల మీద ఉంటుంది. లోపల గుండె ఏ తీరున కొట్టుకుంటోందో ఎవరికీ తట్టదు.

జ్వరంతో వచ్చే ఫిట్స్ చాలామంది పిల్లల్లో అయిదారేళ్లు నిండేసరికి పోతాయి. కానీ కొద్దిమందిలో ఏడాది నిండకముందే మొదలై, అరగంట దాటినా ఆగకుండా, ఒకసారి కుడివైపు, ఇంకోసారి ఎడమవైపు వస్తుంటాయి. ఒళ్లు కాస్త వెచ్చబడినా, వేడినీళ్లు పోసినా వస్తాయి. దీన్ని 1978లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరంలో షార్లెట్ డ్రావే అనే వైద్యురాలు వేరే జబ్బుగా గుర్తించారు. ఇప్పుడు డ్రావే సిండ్రోమ్ అంటున్నది దాన్నే. అమెరికాలో 2015లో వేసిన లెక్క ప్రకారం దాదాపు 15,700 మంది పిల్లల్లో ఒకరికి ఇది ఉంటుంది. (తల మీద బాగా వేడినీళ్లు పోసుకున్నప్పుడు మాత్రమే వచ్చే మూర్ఛ మన దక్షిణాదిలో మరొకటుంది. బెంగళూరు నిమ్‌హాన్స్ వైద్యులు దాన్ని ఏళ్లతరబడి పరిశీలించారు. అది చాలావరకు నెమ్మదైన జబ్బు. గోరువెచ్చటి నీళ్లు పోస్తే సగం సమస్య తీరుతుంది. రెంటినీ కలిపేయకూడదు.)

డ్రావే జన్యువుల జబ్బు. ఆ మాట అనగానే మన వైపు మొదట వినిపించేది మేనరికం. ఆ వెంటనే వేలు తల్లి వైపు తిరుగుతుంది. 2001లో బెల్జియం పరిశోధకులు ఈ జబ్బున్న ఏడుగురు పిల్లల్లో ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువులో లోపం కనిపెట్టారు. ఏడుగురిలోనూ ఆ లోపం బిడ్డలో కొత్తగా పుట్టినదే. తల్లిలో లేదు, తండ్రిలోనూ లేదు. ఆ తర్వాత చూసిన పిల్లల్లో కూడా పదింట తొమ్మిది వంతులు ఇంతే. కాబట్టి డ్రావే బిడ్డ తల్లిని ఆడిపోసుకునే అత్తగారు ఎవరైనా ఉంటే ఈ పేరా చదివి వినిపించండి.

ఈ జన్యువు నాడీకణాల్లో సోడియం రాకపోకలకు ఒక ద్వారం కడుతుంది. మెదడులో ఉద్రేకాన్ని అణిచే కణాలకు ఆ ద్వారం మరీ ముఖ్యం. అది చెడితే దిగుడు రోడ్డు మీద బ్రేకు తెగిన చెరుకు లారీ సంగతే. కార్బమజెపీన్, ఫెనిటాయిన్ వంటి మందులు పనిచేసేది సోడియం ద్వారాలను మూసే. మామూలు మూర్ఛలో బాగా పనికొచ్చే ఆ మందులే ఈ పిల్లల్లో ఫిట్స్‌ను పెంచుతాయి. అలాగని బిళ్లలు మీకై మీరు ఆపేయకండి. ఆ పని డాక్టరే చేయాలి.

ఇక గుండె సంగతి. నిద్రపోతున్న ఆరోగ్యమైన పిల్లవాడి మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి చూడండి. ఊపిరి పీల్చినప్పుడు నాడి కొంచెం జోరందుకుంటుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. ఈ హెచ్చుతగ్గులు ఉండాలి. గుండె మీద నాడీ వ్యవస్థ పట్టు సరిగ్గా ఉందనడానికి అవే గుర్తు. 2011లో ఇటలీ వైద్యులు డ్రావే పిల్లల గుండె లయను కొలిచి చూస్తే ఈ హెచ్చుతగ్గులు తగ్గి ఉన్నాయి. ఆరోగ్యమైన పిల్లలతో పోల్చినా, వేరే రకం మూర్ఛ ఉన్నవారితో పోల్చినా తక్కువే. ఆ పరిశోధనా పత్రం రాసినవారిలో షార్లెట్ డ్రావే కూడా ఒకరు.

మరి జబ్బు గుండెదా, మెదడుదా? 2013లో అమెరికాలోని సియాటిల్ శాస్త్రవేత్తలు దీన్ని ఎలుకల్లో తేల్చడానికి చూశారు. గుండెలో మాత్రమే ఆ జన్యువును తీసేస్తే ఎలుకలకు ఏమీ కాలేదు. మెదడులో తీసేస్తే ఫిట్స్ వెనకే గుండె మందగించి కొన్ని ఉన్నట్టుండి చనిపోయాయి. అంటే మెదడు నుంచి వెళ్లే ఆజ్ఞే గుండెను ఆపుతోందన్నమాట. అయిదేళ్ల తర్వాత అయోవా బృందం మరో మాట చెప్పింది: ముందు ఆగేది ఊపిరి, గుండె దాని వెనక. ఫిట్స్ అయిన వెంటనే యంత్రంతో ఊపిరి అందించిన ఎలుకలు బతికాయి. ఆస్పత్రుల్లో యంత్రాలు అమర్చి ఉండగా చనిపోయిన మూర్ఛ రోగుల రికార్డుల్లో కూడా ఊపిరి ఆగాకే గుండె ఆగినట్టు 2013లోనే తేలింది. ఆ మరణాలు ఎక్కువగా రాత్రిపూటే జరిగాయి, చాలామంది బోర్లా పడి ఉన్నారు. గుండె ముందా ఊపిరి ముందా అని శాస్త్రవేత్తలు వాదించుకోనివ్వండి. ఇంట్లో వాళ్లు చేయాల్సింది మాత్రం ఒకటే: కుదుపులు తగ్గగానే బిడ్డను పక్కకు తిప్పాలి, ఊపిరి ఆడుతోందో లేదో చూస్తూ ఉండాలి. ఆడకపోతే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

మూర్ఛ ఉన్న పిల్లల్లో ఇలా హఠాత్తుగా చనిపోయేవారు ఏడాదికి 4,500 మందిలో ఒకరు. డ్రావేలో మాత్రం ఆస్ట్రేలియా లెక్క ప్రకారం ఏడాదికి వెయ్యిలో తొమ్మిది మంది. ఈ అంకె చెప్పి తల్లిదండ్రులను ఎందుకు భయపెట్టాలని డాక్టర్లు కొందరు మొహమాటపడతారు. చెప్పడమే మంచిదని నా అభిప్రాయం. తెలిసిన తల్లి బిడ్డను వేరే గదిలో పడుకోబెట్టదు, మందు ఒక్క పూట కూడా తప్పనివ్వదు.

డ్రావేకు ఇచ్చే ఒక మందుకూ గుండెతో లంకె ఉంది. ఫెన్‌ఫ్లూరమీన్ అని ఒకప్పుడు ఒళ్లు తగ్గడానికి వాడిన మందు ఉండేది. గుండె కవాటాలు పాడవుతున్నాయని 1997లో అమెరికాలో దాన్ని అమ్మకాల నుంచి తీసేశారు. అదే మందును 2020లో డ్రావే పిల్లల కోసం తక్కువ మోతాదులో అక్కడే మళ్లీ అనుమతించారు. అప్పుడు పెట్టిన షరతు ఏమిటంటే, మొదలుపెట్టే ముందూ ఆ తర్వాత ఆర్నెల్లకోసారీ గుండెకు ఎకో పరీక్ష చేయించాలి.

ఇంతవరకూ మెదడు జబ్బు గుండెను చెరపడం గురించి. తిరగేసి కూడా జరుగుతుంది, అదే ఎక్కువ మోసం. లాంగ్ క్యూటీ అనే జబ్బులో ప్రతి గుండె చప్పుడు తర్వాతా విద్యుత్తు సర్దుకోవడం ఆలస్యమవుతుంది. పరుగెత్తినా, చెరువులో దూకినా, దగ్గరలో టపాసు పేలినా గుండె లయ తప్పి పిల్లవాడు పడిపోతాడు, కాళ్లూచేతులూ కొట్టుకుంటాడు. చూసినవారు ఫిట్సే అంటారు. ఏళ్లతరబడి ఫిట్స్ మందు మింగిస్తారు. అతనికి కావాల్సింది ప్రొప్రనలాల్ వంటి గుండె మందు. ఇందులోనే పుట్టుచెవుడుతో వచ్చే ఒక రకాన్ని 1957లో నార్వే వైద్యులు జెర్వెల్, లాంగె-నీల్సెన్ ఒక కుటుంబంలో చూశారు. ఆరుగురు పిల్లల్లో నలుగురికి జబ్బు, ముగ్గురు హఠాత్తుగా పోయారు. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపం వస్తేనే ఈ రకం బయటపడుతుంది. ఇక్కడ మాత్రం మేనరికాన్ని తప్పు పట్టొచ్చు. పుట్టుకతో వినపడని పిల్ల పరుగెడుతూ పడిపోయిందంటే ఆ రోజే గుండె విద్యుత్తు తీరును చూపే ఈసీజీ తీయించాలి.

ఈసీజీ అయిదు నిమిషాల పని, సూది గుచ్చరు, నొప్పి ఉండదు. దాని కోసం గోవాడ నుంచి విశాఖ కేజీహెచ్ దాకా పోనక్కర్లేదు, అనకాపల్లిలో తీస్తారు. జన్యు పరీక్ష అవసరమని డాక్టరు అంటే హైదరాబాద్‌లో నిమ్స్ వైద్య జన్యుశాస్త్ర విభాగం, సీడీఎఫ్‌డీ ఉన్నాయి. ఫిట్స్ వచ్చిన బిడ్డ నోట్లో నీళ్లు పోయకండి, పళ్ల మధ్య చెంచా దూర్చకండి. గడియారం చూడండి, అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మెదడు పరీక్ష ఈఈజీ కాగితాలతో పాటు ‘ఈసీజీ కూడా తీయిద్దామా?’ అని అడగడం మరచిపోకండి.