తలప్రహార శబ్దార్థ విచారము

తెఱచిన అఱచేతితో శత్రువును కొట్టుట తలప్రహారము. ఇతిహాసపాఠము నడచునపుడు ఈ మాట రాగానే విద్యార్థులు దానిని చెంపదెబ్బయని తలంచుటయో, ముష్టిఘాతముతో కలిపివేయుటయో తఱచుగా జరుగుచుండును. మొదటి యర్థము దెబ్బయొక్క బలమును తగ్గించును; రెండవది కవి చూపిన భేదమును తుడిచివేయును. తలప్రహారము ముష్టికి సమానమైన వేఱొక ఘాతవిశేషమనియు, దాని బలమునకు శరీరనిర్మాణమునందే హేతువు కలదనియు నిరూపించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

కోశార్థము

అమరకోశ ద్వితీయకాండమందలి మనుష్యవర్గమున చేతికి పంచశాఖము, శయము, పాణి యను పేర్లు కలవు. వ్రేళ్లు చాచిన చేతికి చపేటము, ప్రతలము, ప్రహస్తము అని మూడు పేర్లు వేఱుగా చెప్పబడినవి. రావణసేనాపతియైన ప్రహస్తుని నామమున వినవచ్చునదియు ఈ శబ్దమే. బిగించిన చేయి ముష్టి. తెలుగునందును ఈ విభాగము స్పష్టము: అఱచేతితో చఱతుము, పిడికిటితో గ్రుద్దుదుము.

ఇచట రెండు జాగ్రత్తలు వలయును. వింటినారి తాకిడినుండి చేతిని కాపాడు తొడుగునకును తలమని పేరు కలదు. కావున యుద్ధవర్ణనలలో తలశబ్దము కనబడిన ప్రతిచోటను కొట్టుటయే యనరాదు. ఇక చపేటమునుండి చెంపపెట్టు పుట్టినదని ధ్వనిసామ్యమును బట్టి చెప్పుట తొందరపాటు. చెంప, పెట్టు అను రెండును దేశ్యములు. పెట్టనగా దెబ్బ యని గొడ్డలిపెట్టు వంటి సమాసములే సాక్ష్యమిచ్చుచున్నవి.

ఇతిహాస ప్రయోగములు

కిష్కింధాకాండమున వాలిసుగ్రీవులు పోరునపుడు వాల్మీకి తలములకు అశనిని, ముష్టులకు వజ్రమును ఉపమానములుగా గ్రహించెను. రెండును పిడుగులే. విరాటపర్వమున భీముడు జీమూతుడను మల్లునితో పోరిన ఘట్టమందును తలఘాతములు వజ్రపాతములతో పోల్చబడినవి. ఇట్టి ఉపమానములు చెంపదెబ్బకు పొసగవు.

సుందరకాండమున లంకాధిదేవత హనుమంతుని అఱచేతితో కొట్టెను. అతడు ఎడమచేతి వ్రేళ్లు ముడిచి పిడికిటితో బదులిచ్చెను. ఆమె స్త్రీయని యెంచి కోపమును అతిగా వహింపలేదని కవి వాక్యము. ఇందు హనుమంతుని సంయమము వామహస్తమును గ్రహించుటయందును, కోపము నణచుటయందును కలదు గాని ముష్టిని విడిచి తలమును గ్రహించుటయందు లేదు. తలము ముష్టికంటె మృదువైనదని కవి తలంచియుండినచో, మృదువుగా కొట్టదలచినవాడు పిడికిలి బిగించుట అసంగతమై యుండెడిది. అక్షకుమారుని ఎనిమిది గుఱ్ఱములను హనుమంతుడు ఆకసమున కూల్చినదియు తలప్రహారములతోనే.

యుద్ధకాండమున హనుమంతుడు పైకెత్తిన తన కుడిబాహువును పంచశాఖమని రావణునకు చూపును. దెబ్బలలో మొదటిది రావణునిది. అది ఱొమ్ముపై తలఘాతము. హనుమంతుడును తలముతోనే బదులీయగా దశగ్రీవుడు భూకంపమున పర్వతమువలె చలించి, శత్రువయ్యును శ్లాఘ్యుడవని పలికెను. రావణుని ముష్టి తరువాతనే వచ్చినది. పంచశాఖపదము కేవలపర్యాయము కావచ్చును. కాని హనుమంతుడు కొట్టినది వ్రేళ్లు విచ్చిన చేతితోనే యగుటచే సాభిప్రాయవిశేషణమనియు, ఇచట పరికరాలంకారమనియు నాకు తోచుచున్నది.

అన్నిటికంటె విశదమైనది విరూపాక్షవధ. సుగ్రీవుడు తలప్రహారమున కుద్యమించగా విరూపాక్షుడు నేర్పుతో తప్పించుకొని, పిడికిటితో అతని ఱొమ్మున కొట్టెను. పిమ్మట సుగ్రీవుడు అదను కనిపెట్టి ప్రతిపక్షుని శంఖప్రదేశమున, అనగా కణతపై, అఱచేతిని పడవేసెను. రాక్షసుడు నెత్తురు క్రక్కుచు కూలెను. ఒకే ద్వంద్వమున రెండు ఘాతములు, తప్పించుకొను నేర్పు, దెబ్బ తగిలిన స్థానము చెప్పబడుటచే, తలమును ముష్టితో కలిపి అనువదించినచో ఈ ఘట్టమున యుద్ధక్రమమే చెడును.

మర్మవిచారము

కవి శంఖమునే యేల పేర్కొనెను? సుశ్రుతసంహిత శారీరస్థానమున 107 మర్మములు వివరింపబడినవి. వానిలో సద్యఃప్రాణహరములు 19; కనుబొమల కొనలపైన, చెవికిని నొసటికిని నడుమనున్న శంఖములు రెండును ఇందు చేరినవి. అచట కపాలాస్థి పలుచనిదనియు, దాని లోపలివైపున మెదడుపొరకు రక్తమునిచ్చు ధమని యున్నదనియు ఆధునిక శారీరకశాస్త్రము చెప్పుచున్నది.

కొట్టువాని చేతియందును మర్మములు కలవు. అఱచేతి నడుమ, మధ్యాంగుళికి సూటిగా తలహృదయమున్నది. దీనిని సుశ్రుతుడు పాదతలమునకు చెప్పి చేతికి అతిదేశించెను, ఇది కాలాంతరప్రాణహరములలోనిది. కావున భారము అఱచేతి నడిమిభాగముపై పడరాదనియు, మణిబంధమునకు ముందున్న దట్టమైన ప్రదేశముపై పడవలయుననియు ఊహింపవచ్చును. ఇది గ్రంథోక్తము కాదు, నా యనుమానము. కాని అభ్యాసకుల పద్ధతి దీనికి సంవాదియే.

పిడికిటితో గట్టి కపాలమును కొట్టినచో సన్నని కరభాస్థులు విఱుగుట కలదు. చిటికెనవ్రేలికి చెందిన కరభాస్థి మెడవద్ద విఱుగుటకు వైద్యులు బాక్సర్స్ ఫ్రాక్చర్ అని పేరుపెట్టిరి. అఱచేతి మొదటిభాగముతో కొట్టునపుడు బలము మణిబంధాస్థులనుండి ముంజేతికి సూటిగా పోవుటచే ఆ యపాయము తక్కువ. దీనికి లోపములును కలవు. చాచిన పిడికిటికున్నంత దూరము అఱచేతికి అందదు. వ్రేళ్లను వెనుకకు వంపనిచో అవి తగులుకొని బెణకును.

వర్తమానోపయోగము

షాంఘై పురపాలక రక్షకభటశాఖలో పనిచేసిన ఫెయిర్‌బెయిర్న్ రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిష్ కమాండోలకు గడ్డము క్రిందినుండి పైకి అఱచేతి మొదటిభాగముతో కొట్టుట నేర్పెను. జపానుదేశపు సుమో మల్లవిద్యలో పిడికిటిదెబ్బ నిషిద్ధము, అఱచేతిదెబ్బ అనుమతము. అయినను రెండు చెవులను ఒక్కసారిగా చఱచుట అందును నిషిద్ధమే. చెవిపై పడిన అఱచేయి గాలిని నొక్కి కర్ణభేరిని చీల్చగలదు. తెఱచిన చేయి కనుక హాని లేదనుట భ్రాంతి యని ఈ నియమమే తెలుపుచున్నది.

మన కళాశాలలలో విద్యార్థినులకు ఆత్మరక్షణము నేర్పువారు ఈ రెండు పక్షములను కలిపి చెప్పవలయును. చేతియెముకలకు అపాయము తక్కువ గనుక పిడికిలి బిగించుట అలవాటు లేనివారికి తలప్రహారము అనుకూలము. గడ్డము క్రింద ఒక్క దెబ్బ కొట్టి, శత్రువు తడబడగానే తప్పించుకొని పోవుట దాని ప్రయోజనము. కణత, చెవి ప్రాణాపాయము లేనియెడల వర్జ్యములు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 34 మొదలు 44 వఱకు గల విభాగములలో ఆత్మరక్షణాధికారమును అంగీకరించుచునే, రక్షణకు వలసినదానిని మించి హాని చేయరాదని నియమించినది.

కావున తలప్రహారమును అఱచేతిదెబ్బ యని అనువదించుటయే యుక్తము. మూలమున చెక్కిలి ప్రస్తావము లేక చెంపదెబ్బ యనరాదు. అర్థమును తేలిక చేసినచో సుగ్రీవుని దెబ్బకు విరూపాక్షుడు ఏల కూలెనో పాఠకునకు తెలియదు. తాను తేలికయని యెత్తిన చేయి ఎదుటివాని నేమి చేయగలదో విద్యార్థికిని తెలియదు.