గాలిసంచి చేసిన గాయమునకు బాధ్యులెవరు?

చార్మినారునుండి శాలిబండ, అలియాబాదు మీదుగా ఫలక్‌నుమాకు పోవు దారిలో జహనుమా యను పేట కలదు. ప్రపంచమును చూపునది యని యా పేరునకు పారసీకభాషలో నర్థము. కడచిన మాసమున నచ్చటి మా బంధువుల యింట శుభకార్యమునకు పోయితిని. భోజనములైన పిదప అందరును బయలుదేరుచుండగా మా అక్క కోడలు కారులో ముందుసీటున కూర్చుండి, రెండేండ్ల బిడ్డను ఒడిలోనికి తీసికొన్నది. బెల్టు తల్లికే కాని బిడ్డకు లేదు.

"వెనుక కూర్చుండరాదా తల్లీ" యంటిని.

"ముందర ఎయిర్‌బ్యాగున్నది గద చిన్నత్తమ్మా, భయమేమి?" అని యామె నవ్వినది.

ఎయిర్‌బ్యాగనగా మెత్తని దిండని మనలో పలువురి తలంపు. కారు దేనినైన గట్టిగా ఢీకొన్నప్పుడు లోపలి యంత్రము ఆ తాకిడిని పసిగట్టును. వెంటనే ఒక రసాయనము మండి వాయువు పుట్టును. సెకండులో ఇరువదవ భాగమునకు మించని కాలములో సంచి ఉబ్బి బయటకు దూకును. బెల్టు పెట్టుకొని, తగిన దూరమున కూర్చున్న పెద్దవారి ప్రాణమును కాపాడునది ఆ వేగమే. ఒడిలోని బిడ్డకు ఆ వేగమే పిడుగుపాటు. తల్లికిని సంచికిని నడుమ బిడ్డ యుండుటచేత ఆ దెబ్బయంతయు పసిమెడమీదను పసితలమీదను పడును. 2024 సెప్టెంబరులో కేరళమందలి మలప్పురము జిల్లాలో తల్లి యొడిలో ముందుసీటున నున్న రెండేండ్ల పాప యిట్లే మరణించినది. అదే సంవత్సరము డిసెంబరులో నవీముంబయిలో ముందుసీటున కూర్చున్న ఆరేండ్ల బాలుడును ఇట్లే పోయినాడు. అమెరికాలో 1990 మొదలు 2008 వరకు, స్వల్పవేగమున జరిగిన ప్రమాదములలో సంచి తెరచుకొనుటవలననే 290కి పైగా ప్రాణములు పోయినవని ఆ దేశపు రహదారి భద్రతాశాఖ అంచనా కట్టినది. పదుమూడేండ్లలోపు పిల్లలు వెనుకసీటుననే కూర్చుండవలెనని అచ్చటివారి హితవు.

ఇట్టి గాయమునకు చట్టము ఎవరిని బాధ్యులను చేయును? సంచి తెరచుకొనవలసినప్పుడు తెరచుకొనలేదా, తెరచుకొన్న సంచియే లోపముగలదా, లేక సంచి తన పని తాను సరిగా చేసినను మనము కూర్చున్న తీరు తప్పా యను దానినిబట్టి సమాధానము మారును.

మొదటిదానికి మన దేశముననే గొప్ప తీర్పు కలదు. 2015 ఆగస్టులో ఒకాయన హ్యుందాయ్ క్రెటా కారు కొన్నాడు. 2017 నవంబరు 16వ తేదీన ఢిల్లీ పానిపట్టు రహదారిలో ఆ కారు ప్రమాదమునకు లోనయ్యెను. సంచులు తెరచుకొనలేదు, ఆయనకు తలకును ఛాతికిని పండ్లకును గాయములైనవి. ఎదుటినుండి తగినంత బలముతో తాకిడి జరిగిననే సంచి తెరచుకొనునని కంపెనీ వాదించినది. ఢిల్లీ రాష్ట్ర వినియోగదారుల కమీషను ఈ వాదము నొప్పక వైద్యపు ఖర్చులకును ఆదాయనష్టమునకును 2 లక్షలు, మనోవేదనకు 50 వేలు, వ్యాజ్యపు ఖర్చులకు 50 వేలు ఇచ్చి, కారును మార్చి యీయవలెనని ఆజ్ఞాపించెను. జాతీయ కమీషనును దానినే స్థిరపరచినది. తుదకు 2022 ఏప్రిల్ 20వ తేదీన సుప్రీంకోర్టు న్యాయమూర్తులు వినీత్ శరణ్, అనిరుద్ధ బోస్ గార్లు కంపెనీ అప్పీలును కొట్టివేసిరి. కారు కొనువాడు వేగమును బలమును లెక్కగట్టు భౌతికశాస్త్ర పండితుడు కానక్కరలేదని వారు చెప్పిన మాట నాకు మిక్కిలి నచ్చినది. మనలో నెవరము ఆ లెక్క వేయగలము? ముందుభాగము నుజ్జయినను సంచి తెరచుకొనకున్నచో, జరిగినదే సాక్ష్యము.

సంచియే చంపిన కథ జపానుదేశపు తకాటా కంపెనీది. వారు వాడిన అమోనియం నైట్రేటు వేడికిని తేమకును చెడి, సంచి తెరచుకొనునప్పుడు లోహపు డబ్బా పగిలి ముక్కలు మనుష్యులమీదికి ఎగసినవి. ప్రపంచమంతట కోట్లకొలది కార్లను, మన దేశములోని కార్లను సహా, వెనుకకు పిలిపింపవలసి వచ్చినది. 2017లో ఆ కంపెనీ అమెరికాలో నేరమొప్పుకొని, నూరు కోట్ల డాలర్లు చెల్లించుట కంగీకరించి, ఆ యేడే దివాలా తీసినది.

మన దేశమున 2020 జూలై 20 మొదలు అమలులోనున్న 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టములో వస్తుబాధ్యత యను అధ్యాయమే కలదు. తయారీలోగాని రూపకల్పనలోగాని లోపమున్నను, తగిన హెచ్చరిక లేకున్నను తయారుచేసినవాడు పరిహారమీయవలెను. తాను అజాగ్రత్త చూపలేదని అతడు ఋజువుచేసినను చెల్లదు. స్త్రీలు గమనింపవలసిన సంగతి యొకటి: కారు భర్త పేరనో మామగారి పేరనో యున్నను, వారి సమ్మతితో దానిని వాడుకొనువారును వినియోగదారులే. మన ఊరి జిల్లా కమీషనులోనే ఫిర్యాదు చేయవచ్చును; వస్తువునకు చెల్లించిన వెల 5 లక్షలు మించకున్న రుసుము లేదు. గడువు రెండేండ్లు. ఎదుటి బండివానిపై మోటారు ప్రమాదముల ట్రిబ్యునలులో వేయు దావా దీనికి వేరు.

ఇక మూడవదానిలో చట్టము మనవైపు నిలువదు. వస్తువును మార్చినను, వాడరాని తీరున వాడినను అమ్మినవానిపై దావా సాగదు. కంపెనీవారును ఆ సాకునే చూపుదురు. సీటులోనుండి తెరచుకొను సంచిమీద బిగువైన తొడుగు వేయించుట, సంచి మూతమీద దేవుని ప్రతిమ నంటించుట ఇట్టివే. భక్తికి వేరు చోటు లేదా? పిల్లలను ముందు కూర్చుండబెట్టరాదని కారులోని పుస్తకమునను, ఎండతెర మీదను వ్రాసియుండగా, హెచ్చరింపలేదని వాదించుట కష్టము. పైగా పదునాలుగేండ్లలోపు బిడ్డకు బెల్టుగాని తగిన పిల్లల సీటుగాని లేకున్న వేయి రూపాయల జరిమానా మోటారువాహనముల చట్టములో కలదు.

ప్రమాదము జరిగినచో కారును వెంటనే బాగుచేయింపకుడు. అదియే ముఖ్యసాక్షి. ఫొటోలు తీసి, ఆసుపత్రి కాగితములు, కొన్న రసీదు, సర్వీసు చీట్లు భద్రపరచి, వకీలునకు చూపుడు.

పాతకారు కొనువారికి మరియొక మాట. ఒకమారు తెరచుకొన్న సంచి మరల పనికిరాదు. కొత్తది పెట్టక మూత మూసి అమ్ము మోసగాండ్రు కలరు. తాళము త్రిప్పగనే సంచి గురుతుగల చిన్నదీపము వెలిగి, కొన్ని సెకండ్లలో ఆరవలెను. ఆరకున్నను, అసలు వెలుగకున్నను అనుమానింపుడు. వ్యాపారముగా కార్లు అమ్మువాడు ఈ లోపమును దాచియుండిన అతనిపైనను ఫిర్యాదు చేయవచ్చును.

ఈ దీపపు సంగతి మా అక్క కోడలికి ఫోనులో చెప్పితిని. మరునా డామెయే పిలిచినది. తాళము నాలుగుమార్లు త్రిప్పి చూచిరట. దీపము ఒక్కమారైనను వెలుగలేదట. కారు రెండేండ్ల క్రిందట పాతది కొన్నారట.

"అమ్మినవాడిచ్చిన రసీదున్నదా?" అని యడిగితిని.

"వెదకుచున్నాము చిన్నత్తమ్మా" అన్నది. ఈమారు నవ్వలేదు.