విరిగాక ఇచ్చే డబ్బు విరగక ముందు ఇవ్వరేం?

ధరణికోట శాతవాహనుల రాజధాని అని పుస్తకాల్లో చదువుకున్నాం. ఆ కోటకు మట్టి మోసినవాళ్ళ నడుములు ఏమయ్యాయో ఎవరూ రాసిపెట్టలేదు. నేడు పల్నాడు జిల్లాలో పత్తి తీసే, మిరప కోసే, వంగి కలుపు తీసే ఆడకూలీల నడుముల సంగతి మాత్రం ఎవరికి పట్టింది?

“నడుం లేవట్లేదు వదినా” అంటే “వయసు మీదపడింది గదా, తప్పుతుందా” అంటారు. అన్ని నొప్పులకూ కారణం ఒకటి కాదు. కాని కొందరిలో ఎముక లోలోపల గుల్లబారుతుంది. విరిగేదాకా చాలామందికి నొప్పి కూడా తెలియదు. ఒకనాడు గట్టు మీద కాలు జారుతుంది, తుంటి విరుగుతుంది. ఆ మనిషి మళ్ళీ చేలోకి దిగడం అనుమానమే.

నెలసరి ఆగాక స్త్రీలలో ఎముక బలం వేగంగా తగ్గుతుంది. మన రాష్ట్రంలో దీనికి ఇంకో కారణం తోడైంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముక అరుగుదల ఆనాటినుంచే మొదలవుతుంది. ఆ ఆపరేషన్లకు ఆరోగ్యశ్రీ కూడా డబ్బు కట్టింది. తర్వాత ఆ ఆడమనిషి ఎముక ఏమైందో చూడటానికి కార్డు పలకదు!

చూడటం కష్టమా? కాదు. డెక్సా అనే పరీక్ష ఉంది. సూది లేదు, కోత లేదు. కాసేపు బల్లమీద పడుకుంటే యంత్రం అతి కొద్దిపాటి ఎక్స్‌రేతో ఎముక సాంద్రత కొలుస్తుంది. ఆ లెక్క మైనస్ 2.5కు గాని అంతకన్నా కిందికి గాని పోతే ఎముక గుల్లబారినట్లేనని 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది.

ఇది డబ్బున్నవాళ్ళ జబ్బు కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వీణా శత్రుఘ్న బృందం పేద కుటుంబాలకు చెందిన 30–60 ఏళ్ళ స్త్రీలు 289 మందిని పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించింది. తుంటి ఎముక మెడ దగ్గర సుమారు 29 శాతం మందికి ఎముక గుల్లబారి ఉంది. వాళ్ళ తిండిలో కాల్షియం బాగా తక్కువ. పాలు పోసేవాళ్ళ ఇంట్లోనే పాలు మిగలని బతుకుల్లో ఇందులో వింతేముంది?

మరి బీమా ఏం చేస్తోంది? 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం కార్ఖానా కార్మికుల కోసం వచ్చింది, వ్యవసాయ కూలీని గడప అవతలే నిలబెట్టింది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ పేరుతో నడుస్తున్న రాష్ట్ర పథకం ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవారి కోసం. 2018లో మొదలైన కేంద్ర ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షలంటుంది. చేరడానికి ముందు 3 రోజుల ఖర్చు, ఇంటికొచ్చాక 15 రోజుల ఖర్చు కూడా లెక్కలో ఉంది. చేరకుండా చేయించుకునే పరీక్ష మాత్రం లెక్కలో లేదు. ఎముక అరగడానికి ఏళ్ళు పడుతుంది, కార్డు చూసేది 3 రోజులు! తుంటి విరిగితే ఆపరేషన్ కింద ఆస్పత్రికి డబ్బు ముడుతుంది. విరగకుండా చూస్తే ఎవరికీ బిల్లు రాదు.

పెట్టుబడిదారీ దేశమైన అమెరికాలో కూడా వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్, ఎముక బలహీనపడే ప్రమాదమున్న స్త్రీలకు 24 నెలలకొకసారి ఈ పరీక్ష ఖర్చు భరిస్తుంది. మన కూలీ తల్లికి ఎందుకు ఉండకూడదు?

అందుకని మనం అడగవలసినవి ఇవి: అవసరమున్నవారికి డెక్సా పరీక్షను ఆస్పత్రిలో చేరకపోయినా కార్డు కిందికి తేవాలి. జిల్లా ప్రభుత్వాస్పత్రిలో యంత్రం పెట్టాలి. పరీక్షకు పోయినవారికి బస్సు చార్జీ, పోయిన కూలి ఇవ్వాలి. జబ్బు తేలితే మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే అందాలి. రేషన్‌లో రాగులు ఏడాది పొడుగునా ఇవ్వాలి.

చిన్నపాటి దెబ్బకే ఎముక విరిగినవారు, 45 ఏళ్ళలోపే నెలసరి ఆగినవారు, నొప్పులకని చాలాకాలం స్టెరాయిడ్ మాత్రలు మింగినవారు ముందుగా డాక్టరును అడగాలి. కార్యకర్తలు ఊళ్ళో ఇలాంటివారి జాబితా రాసి గ్రామసభలో పెట్టాలి. కూలిరేట్ల కోర్కె పక్కనే ఈ కోర్కె కూడా ఉండాలి. ఆ కూలి సంపాదించేది ఈ నడుములే గదా!