పాత ట్రాక్టరు రేడియేటర్‌లో ఏ కూలెంట్ పోయాలి?

దమ్ములు మొదలవగానే పాత ట్రాక్టర్లు వేడెక్కి మడిలోనే ఆగిపోతుంటాయి. చాలామంది అప్పటికప్పుడు బిందెడు బోరు నీళ్లు పోసి మళ్లీ నడిపిస్తారు. ఆ పూటకు పని గడుస్తుంది. కానీ బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు రేడియేటర్ గొట్టాల్లో, ఇంజన్ బ్లాకులో సున్నపు పొరగా పేరుకుంటాయి. నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టే తెల్ల పొర లాంటిదే ఇది. దీనికి తుప్పు తోడైతే ఇంజన్ వేడి బయటకు పోదు. చివరకు హెడ్ గ్యాస్కెట్ కాలిపోతుంది. బండి నాలుగు రోజులు షెడ్డులో ఉంటే ఇక్కడ నారు ముదిరిపోతుంది.

మన దగ్గర మంచు గడ్డకట్టదు కదా, కూలెంట్ ఎందుకని రైతులు అడుగుతుంటారు. గడ్డకట్టకుండా చూడటం దాని పనుల్లో ఒకటి మాత్రమే. లోపల తుప్పు పట్టనివ్వదు, మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది. మనకు కావలసినవి ఈ రెండూ. నీరు 100 డిగ్రీల వద్ద మరిగితే, సగం కూలెంట్ కలిపిన నీరు సుమారు 107 డిగ్రీల వద్ద మరుగుతుంది. మూత ఒత్తిడిని పట్టి ఉంచితే ఇంకా పైకి వెళ్తుంది. కాబట్టి మూత రబ్బరు పాడైతే మూత మార్చండి.

ఇక రకం సంగతి. మొదట ట్రాక్టరుతో వచ్చిన పుస్తకం చూడండి. అది లేకపోతే రేడియేటర్ పై ట్యాంకు మీది రంగు కాస్త గీకండి. లోపల పసుపుగా మెరిస్తే అది ఇత్తడి, అతుకులు సీసం టంకంతో వేసినవి. ఇలాంటి బండికి సాధారణంగా పాత పద్ధతి (కన్వెన్షనల్) కూలెంట్ సరిపోతుంది. రాగి, ఇత్తడి, టంకానికి రక్షణ ఇస్తుందని డబ్బా మీద ఉండాలి. ఎక్కువ ఏళ్లు పనిచేస్తాయని అమ్మే ఆర్గానిక్ యాసిడ్ రకాల్లో కొన్ని టంకాన్ని, పాత రబ్బరు సీళ్లను దెబ్బతీయవచ్చు. ఖరీదైనది కదా అని వాటిని ఎంచుకోకండి.

రంగు చూసి కొనకండి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అన్నది కంపెనీ వేసే రంగు మాత్రమే. రెండు రకాలు కలిపితే కొన్నిసార్లు జిగురులా గడ్డకట్టి గొట్టాలు మూసుకుపోతాయి.

చిక్కటి కూలెంట్ అయితే డబ్బా మీద చెప్పిన పాళ్లలో, ఎక్కువగా సగానికి సగం, డిస్టిల్డ్ వాటర్ కలపాలి. బ్యాటరీకి పోసే నీరే ఇది. నేరుగా వాడే రకంలో నీరు కలపకూడదు.

ఈ పని వేసవిలో, బండి ఖాళీగా ఉన్నప్పుడు పెట్టుకోండి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత తీయాలి. వేడి మీద తీస్తే మరిగే నీరు ముఖం మీదకు చిమ్ముతుంది. రేడియేటర్, బ్లాకు రెండింటి నుంచీ పాత నీరు వదిలి, మంచి నీరు నింపి, ఇంజన్ వేడెక్కేదాకా నడిపి, చల్లారాక మళ్లీ వదలండి. నీరు తేటగా వచ్చేవరకు ఇలా చేయాలి. తుప్పు మూసి ఉంచిన పాత లీకులు ఈ కడుగుడుతో బయటపడవచ్చు, దమ్ముల్లో కంటే ఇప్పుడు బయటపడటమే నయం. సున్నం బాగా పట్టి ఉంటే రేడియేటర్ మెకానిక్‌కు చూపించాలి. వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకేయనివ్వకండి, ఇంజన్ తగినంత వేడెక్కక డీజిల్ ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. పాత పద్ధతి కూలెంట్‌ను సుమారు రెండేళ్లకోసారి మార్చాలి.

కూలెంట్ తియ్యగా ఉండే విషం. పశువులు, కుక్కలు నాకితే ప్రాణం మీదకు వస్తుంది. వదిలిన దాన్ని కాలువలోకి, కుంటలోకి పోనివ్వకుండా మూత ఉన్న డబ్బాలో పట్టి, పిల్లలకు అందకుండా పెట్టి, సర్వీస్ సెంటర్‌లో అప్పగించండి.