ట్రాక్టరుపై జిగురు మరకలు

ప్రకటన కాగితములను ట్రాక్టరు తొట్టికి అంటించి, పిమ్మట చింపుట పరిపాటి. కాగితము పోయినను జిగురు పోదు. దానిని కొడవలితో గీకినచో రంగు కూడ లేచిపోవును. ఇనుము బయటపడి, వానకాలమున త్రుప్పు పట్టును. అమ్మునప్పుడు వెల తగ్గును.

ఈ జిగురు నీటికి లొంగదు, నూనెకు లొంగును. కావున తొలుత సబ్బునీటితో దుమ్ము కడిగి, వేడినీట ముంచిన గుడ్డను కొంతసేపు కప్పవలెను. మెత్తబడిన పొరను వ్రేలితో ఒలిచి, మిగిలినదానికి కొబ్బరినూనె రాచి, పావుగంట యుంచి తుడువవలెను. అప్పటికిని పోనిచో గుడ్డకు కొంచెము కిరసనాయిలు అద్ది, మరుగుచోట పరీక్షించి వాడవచ్చును. ఇంజను చల్లారియుండవలెను, చుట్ట, బీడీ దరికి రానీయరాదు. థిన్నరు రంగునే కరిగించును గనుక కూడదు. కడపట సబ్బునీటితో కడిగి ఆరబెట్టవలెను.

సంఘపు ట్రాక్టరు సభ్యులందరి సొమ్ము. దాని రంగును కాపాడుట మన పెట్టుబడిని కాపాడుటయే యని మనవి చేయుచున్నాము.