మైదానంలో న్యాయనిర్ణేత

సాయంకాలమైతే అమీర్‌పేట, పంజాగుట్ట గల్లీలలో పిల్లలు బ్యాటూ బంతీ పట్టుకొని చేరుతారు. బ్యాటింగు చేస్తున్న జట్టులోని కుర్రవాడే అంపైరుగా నిలబడతాడు. బంతి గోడమీద గీసిన వికెట్లను తాకిందో లేదో తేలక తగవు మొదలవుతుంది. తన జట్టువాడే అవుటయ్యాడని చెప్పగల కుర్రవాడు అరుదు. అటువంటివాడు దొరికితే అతని మాటను రెండు జట్లూ మన్నిస్తాయి. ఆటకు ఆడేవారు ఎంత అవసరమో, పక్షపాతం లేని తీర్పరులు కూడా అంతే అవసరం.

ఆటగాళ్లుగా రాణించి, పిదప తీర్పరులైనవారు మన దేశంలో ఉన్నారు. భారత జట్టుకు నాయకత్వం వహించిన ఎస్. వెంకటరాఘవన్ 57 టెస్టులు ఆడి, అనంతరం 73 టెస్టులకు అంపైరుగా వ్యవహరించారు. ఆట నుండి తీర్పు వైపు సాగే ఈ బాటలోనే నడిచి చరిత్రకెక్కిన తెలుగు మహిళ గండికోట సర్వలక్ష్మి. క్రికెట్ లోకానికి ఆమె జి.ఎస్. లక్ష్మిగా సుపరిచితులు.

లక్ష్మి 1968 మే 23న రాజమండ్రిలో జన్మించారు. తండ్రి ఉద్యోగరీత్యా ఆమె బాల్యం జంషెడ్‌పూర్‌లో గడిచింది. అక్కడ సోదరులతో కలిసి క్రికెట్ ఆడుతూ వేగంగా బంతులు వేయడం నేర్చుకున్నారు. పదవ తరగతిలో మార్కులు తక్కువ రావడంతో కళాశాల ప్రవేశమే ప్రశ్నార్థకమైనప్పుడు, ఆమె బౌలింగ్ నైపుణ్యమే ఆదుకుంది. క్రీడాకారిణిగా ఆమెకు సీటు లభించింది. కాలక్షేపంగా మొదలైన ఆట ఆ విధంగా చదువుకు ద్వారం తెరిచింది.

తరువాత ఆమె సికింద్రాబాద్ కేంద్రంగా గల దక్షిణ మధ్య రైల్వేలో ఉద్యోగం పొందారు. ఆంధ్ర, రైల్వేస్ తదితర జట్ల తరఫున దేశవాళీ పోటీలలో పాల్గొన్నారు. 1999లో ఇంగ్లండ్ పర్యటనకు వెళ్లిన భారత బృందంలో చోటు దక్కినా, తుది పదకొండుగురిలో స్థానం లభించలేదు. 2004లో ఆమె ఆట నుండి విరమించారు. దేశం తరఫున మైదానంలో దిగాలన్న కోరిక తీరకుండానే క్రీడాజీవితం ముగిసింది.

అయితే ఆటతో ఆమె అనుబంధం ముగియలేదు. 2008-09లో దేశవాళీ మహిళల పోటీలకు మ్యాచ్ రిఫరీగా బాధ్యతలు చేపట్టారు. అంపైరు పని వేరు, రిఫరీ పని వేరు. బ్యాటరు అవుటా కాదా అని నిర్ణయించేది అంపైరు. ఆట నియమబద్ధంగా, మర్యాదగా సాగిందా అని విచారించేది రిఫరీ. టాస్‌ను పర్యవేక్షించడం, ఓవర్లు నిర్ణీత సమయంలో పూర్తయ్యాయో లేదో లెక్క చూడడం, పిచ్ నాణ్యతపై నివేదిక ఇవ్వడం రిఫరీ విధులు. ఆటగాడు దురుసుగా ప్రవర్తించాడని అంపైర్లు ఫిర్యాదు చేస్తే, అతని వాదన కూడా విని, తప్పు తీవ్రతను బట్టి మందలింపో జరిమానాయో విధించాలి. ఎంత పేరున్న ఆటగాడైనా రిఫరీ ముందు ఒక్కటే.

2019 మే నెలలో అంతర్జాతీయ క్రికెట్ మండలి లక్ష్మిని తన రిఫరీల బృందంలో నియమించింది. ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమెయే. అంతకుముందు నెలలోనే ఆస్ట్రేలియాకు చెందిన క్లేర్ పోలోసాక్ పురుషుల వన్డే మ్యాచ్‌కు అంపైరుగా నిలిచిన తొలి మహిళయ్యారు. 2019 డిసెంబరు 8న షార్జాలో యు.ఎ.ఇ., అమెరికా పురుషుల జట్ల మధ్య జరిగిన వన్డేకు లక్ష్మి రిఫరీగా వ్యవహరించారు. పురుషుల వన్డేకు ఒక మహిళ రిఫరీ కావడం అదే ప్రథమం. 2022లో క్రైస్ట్‌చర్చ్‌లో జరిగిన మహిళల ప్రపంచకప్ ఫైనల్‌కు కూడా ఆమెయే రిఫరీ. 2023లో దక్షిణాఫ్రికాలో జరిగిన మహిళల టీ20 ప్రపంచకప్‌కు పదిమంది అంపైర్లు, ముగ్గురు రిఫరీలు, అందరూ మహిళలే నియమితులయ్యారు. ఆ ముగ్గురిలో లక్ష్మి ఒకరు.

తుది జట్టులో చోటు దొరకని క్రీడాకారిణి, టాస్ వేళ ఇరు జట్ల నాయకుల నడుమ నిలిచే స్థానానికి ఎదిగారు. ఆటగాడు ఒక జట్టుకే చెందుతాడు. తీర్పరి మొత్తం ఆటకు చెందుతాడు. గల్లీలో తనవాడు అవుటని ధైర్యంగా చెప్పే కుర్రవాడికి గాని, అమ్మాయికి గాని ఆ అర్హత అప్పటికే ఉన్నట్లు లెక్క.